పాత పెంకుటింటి కలపతో కొత్త ఇంటి సామాను

2013లో హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కున్నప్పుడు లోపలి చెక్కపనంతా ఒకే సంస్థకు అప్పగించాము. వంటింటి అరలు, పడకగదుల్లో బీరువాలు, హాల్లో టీవీ వెనుక పలకలు, అన్నీ నెల రోజుల్లో బిగించి వెళ్ళారు. ఒక్క మేకు కూడా పైకి కనిపించకుండా, ఎంతో నునుపుగా ఉండేవి. ఆరేళ్ళు గడిచేసరికి సింకు కింది అర అడుగుభాగం నానిన అటుకుల్లా ఉబ్బిపోయింది. పైపు అతుకు దగ్గర రోజుకు నాలుగు చుక్కల నీరు కారడం తప్ప అక్కడ వేరే ప్రమాదం ఏదీ జరగలేదు. తలుపు మడతబందుల మరలు పట్టు తప్పి ఊడివచ్చాయి. రెండంగుళాలు పైకి జరిపి బిగించబోతే అక్కడా పొట్టే రాలింది. చూడటానికి వచ్చిన వడ్రంగి మేస్త్రీ ఒక ముక్కను వేళ్ళతో నలిపి, "దీన్ని బాగుచేయడం కుదరదమ్మా, మార్చుకోవలసిందే" అన్నారు.

మార్చడం సులువుగానే జరిగింది. తీసేసిన పెట్టెలను ఎక్కడ వేయాలన్నదే తేలలేదు. పాత సామాను కొనే అతను ఉక్కు బందులు, పిడులు తీసుకుని పలకలు తనకు వద్దన్నాడు. వాటిలో జిగురు, పైన ప్లాస్టిక్ పొర ఉండటం వల్ల పొయ్యిలో పెట్టడానికి పనికిరావు. కాలిస్తే వచ్చే పొగ పీల్చదగినది కాదు. చివరకు ఒక ట్రాలీ ఆటో మాట్లాడి, ఎదురు డబ్బిచ్చి వాటిని వదిలించుకున్నాము. ఆ సాయంత్రం నేను కూర్చున్నది మా అమ్మమ్మ గారి పట్టె మంచం మీద. దాని వయసు డెబ్బై ఏళ్ళకు తక్కువ ఉండదు. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు విడివిడిగా ఊడివస్తాయి, నవారు చిరిగితే నవారు మార్చుకుంటాము, కోడు కదిలితే బెజ్జంలో చిన్న చెక్కముక్క దిగగొట్టుకుంటాము. మూడు ఊళ్ళు మారింది, ఎక్కడా దాన్ని పారేయవలసిన అవసరం రాలేదు. ఇంట్లోకి ఏ చెక్క వస్తువు తెచ్చుకున్నా దాన్ని విప్పగలమా, విప్పినదాన్ని మళ్ళీ కూడగలమా అని ముందుగా అడగాలన్న ఆలోచన నాకు ఆ మంచం మీదే కలిగింది. ఏ చెక్క, ఏ రంగు, ఎంత ధర అన్నవి ఆ తరువాతి ప్రశ్నలు.

మా అరలు ఎందుకు అలా అయ్యాయో తెలుసుకోవడానికి కొంత చదివాను. అవి పార్టికల్ బోర్డుతో చేసినవి. పార్టికల్ బోర్డు అంటే చెక్క పొట్టును, చిన్న పేళ్ళను జిగురుతో కలిపి వేడిలో అదిమి చేసిన పలక. చెట్టులో పొడవుగా సాగే నార ఇందులో ముక్కలైపోయి ఉంటుంది గనుక మరకు పట్టు చిక్కేది జిగురు వల్లే. ఇందులో సాధారణంగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. చవకైనది, త్వరగా గట్టిపడుతుంది, కానీ నీటికీ తేమకూ తట్టుకోలేదు. నీరు తగిలితే అదిమిపెట్టిన పొట్టు మళ్ళీ విచ్చుకుంటుంది, ఆరిన తరువాత కూడా పాత మందానికి రాదు. పైన అతికించిన లామినేట్ పొర నీటిని ఆపుతుంది గానీ, కోసిన అంచులు, పైపు కోసం తొలిచిన రంధ్రాలు తెరిచే ఉంటాయి. మా సింకు వెనుక రంధ్రం చుట్టూ ఏ పూతా లేదు. ఇక ఆ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు నెమ్మదిగా వెలువడుతూనే ఉంటుంది, వేడీ తేమా పెరిగితే అది కూడా పెరుగుతుంది. ఈ వాయువు మనుషుల్లో క్యాన్సర్ కలిగించగలదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించి మొదటి వర్గంలో చేర్చింది. కొత్త బీరువా తెరవగానే కళ్ళు మండినట్టు అనిపించడం చాలామందికి అనుభవమే. దాన్ని కొత్త వస్తువు వాసన అనుకుని మేము కూడా సరిపెట్టుకున్నాము. అప్పుడు మా అమ్మాయికి రెండేళ్ళు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2021లో దివిసీమలోని మా అమ్మగారి ఊళ్ళో పెంకుటిల్లు విప్పవలసివచ్చింది. వెనుక గోడ పునాది కుంగి ఇల్లు ఒక పక్కకు ఒరుగుతోంది, ఉండేవారు కూడా లేరు. ఇళ్ళు పడగొట్టే కాంట్రాక్టరు పెంకు నుంచి గడప దాకా మొత్తం కలిపి గుత్తగా ఒక మొత్తం చెప్పాడు. మా అమ్మ సరేనని ఉండేదే, కానీ ముందు కలప ఎంత ఉందో కొలిపించమని నేను అడిగాను. తాటి వాసాలు పోగా ద్వారబంధాలు, నాలుగు జోడు తలుపులు, రెండు దూలాలు, ఒక అటక కలిపి సుమారు 40 ఘనపు అడుగుల టేకు తేలింది. తాటి వాసాలు గట్టివే అయినా నార విడిపోతూ ఉంటుంది గనుక సామాను పనికి అంతగా నప్పవు. వాటిని ఊళ్ళోనే ఒక పశువుల కొట్టం కప్పుకు ఇచ్చేశాము, పెంకు కూడా అక్కడికే వెళ్ళింది.

ఆ 40 ఘనపు అడుగుల కలప అంటే దాదాపు 700 కిలోల బరువు. ఎండిన చెక్క బరువులో సగం కర్బనమే ఉంటుంది. అంటే ఆ చెట్లు గాలి నుంచి తీసుకుని దాచుకున్న కర్బనం 350 కిలోలు, బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) లెక్కన చూస్తే సుమారు 1,300 కిలోలు. అది కుళ్ళినా కాలినా మళ్ళీ గాలిలోకే పోతుంది, బల్లగానో తలుపుగానో ఉన్నన్నాళ్ళు కదలదు. ఒక ఇంటి కలప వల్ల లోకం మారదని నాకు తెలుసు. అయినా కొత్త చెట్టు కొట్టనవసరం లేకుండా పని జరుగుతున్నప్పుడు దాన్ని వంటచెరకు ధరకు వదులుకోవడానికి మనసు ఒప్పలేదు.

పాత కలపతో పని తేలికని ఎవరైనా చెబితే నమ్మవద్దని మాత్రం నిజాయితీగా చెప్పాలి. మొదటి చిక్కు మేకులు. లోపల ఒక్క ఇనప మేకు మిగిలిపోయినా కోత మిల్లు రంపపు బ్లేడు విరుగుతుంది, అందుకే రెండు మిల్లులు మా కలపను ముట్టుకోమన్నాయి. ప్రతి కర్ర మీదా అయస్కాంతం పాముతూ, దొరికిన ప్రతి మేకునూ పటకారుతో లాగి, విరిగిపోయిన వాటిని ఉలితో చుట్టూ తొలిచి తీయడానికి ఇద్దరు మనుషులకు ఎనిమిది రోజులు పట్టింది. రెండో చిక్కు రంగులు. తలుపుల మీద ఎన్నో పండుగలకు వేసిన ఎనామిల్ పొరలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల వంతుల్లో 90 వంతులకు మించకూడదన్న నిబంధన అమలులోకి వచ్చినది 2017 నవంబరులోనే. అలాంటి రంగును ఉప్పుకాగితంతో పొడిగా రుద్దితే సీసపు ధూళి గాలిలో కలుస్తుంది, పసిపిల్లల మెదడుకు అది చేసే హాని తిరిగి సరిదిద్దలేనిది. అందువల్ల ఇంటికి దూరంగా, తడిపి గీకి, రాలిన పెచ్చులను పట్టా మీద పోగుచేసి మూట కట్టించాము. పాత తలుపులను తెచ్చి బాల్కనీలో తామే రుద్దుకునే ఉత్సాహం ఈమధ్య చాలామందిలో చూస్తున్నాను. పిల్లలున్న ఇంట్లో ఆ పని చేయవద్దని వేడుకుంటున్నాను.

రంగు దిగిన తరువాత లోపల బయటపడిన చేవను చూసి మా మేస్త్రీ గారు చాలాసేపు మాట్లాడలేదు. నార వరుసలు దగ్గరగా, తేనె రంగులో, చిత్రిక పట్టగానే నూనె వాసన వచ్చింది. టేకు చేవలో సహజంగా ఉండే నూనెలు, టెక్టోక్వినోన్ వంటి పదార్థాలు చెదపురుగుకు గిట్టవు. అంచుల్లో తెల్లగా ఉండే భాగంలో ఆ రక్షణ ఉండదు. మా దూలాల్లో పుచ్చింది కూడా ఆ భాగమే, దాన్ని నిర్దాక్షిణ్యంగా కోసేశాము. ఇప్పుడు మార్కెట్లో తక్కువ ధరకు వచ్చే టేకులో చిన్న వయసు చెట్లవి ఎక్కువ, వాటిలో చేవ తక్కువ, తెలుపు ఎక్కువ. అన్నీ ఒకే రంగులో కనిపించేలా పాలిష్ పట్టి అమ్ముతారు గనుక టేకు అన్న పేరు ఒక్కటే విని కొనడం పొరపాటు.

కలపను హైదరాబాదు తెచ్చాక వెంటనే పని మొదలుపెట్టవద్దని మేస్త్రీ గారు పట్టుబట్టారు. సముద్రం పక్కన దివిసీమ గాలిలో ఉన్నంత తేమ దక్కన్ పీఠభూమి మీద ఉండదు. ఎన్ని దశాబ్దాల కిందటి చెక్క అయినా చుట్టూ ఉన్న గాలితో పాటు తేమ పీల్చుకుంటూ వదులుతూ ఉంటుంది, ఆ మేరకు వెడల్పులో పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. పొడవులో ఆ మార్పు దాదాపు ఉండదు. కర్రల మధ్య సందులు పెట్టి పేర్చి, ఆరు వారాలు సెల్లారులో గాలి ఆడేచోట ఉంచాము. మన పాత తలుపుల్లో నిలువు కర్రల మధ్య పలకను జిగురు లేకుండా గాడిలో వదులుగా ఎందుకు దించేవారో నాకు అప్పుడే అర్థమైంది. వానాకాలంలో పలక ఉబ్బడానికీ ఎండాకాలంలో ముడుచుకోవడానికీ చోటు వదిలేవారు, అందువల్ల పలక పగిలేది కాదు, చట్రం వంగేది కాదు. ఇంత లోతైన సంగతిని పుస్తకం అవసరం లేకుండా చేతి పనిలో దాచుకున్న వడ్రంగుల మీద నాకు గౌరవం పెరిగింది.

చేయించుకున్నవి ఎక్కువేమీ కావు. భోజనాల బల్ల, దానికి రెండు బెంచీలు, అమ్మాయికి చదువుకునే బల్ల, ఒక పుస్తకాల అలమర. ప్రతి అతుకులోనూ ఒక కర్ర చివరను సన్నగా చెక్కి, రెండో కర్రలో తొలిచిన బెజ్జంలో దింపి, అడ్డంగా వెదురు సీల కొట్టమని కోరాను. బల్ల పైపలకను మాత్రం కింది నుంచి మరలతో, మరకు అటూ ఇటూ కదిలే వీలున్న పొడవాటి రంధ్రాలతో బిగించారు. కూలి, కోత, రవాణా అన్నీ కలిపితే కొత్త కలపతో చేయించుకున్నంత ఖర్చే అయింది, నెలలు అదనంగా పట్టాయి. ఇది డబ్బు ఆదా చేసే మార్గమని నేను చెప్పలేను. అయితే ఆ డబ్బులో ఎక్కువ భాగం చేతి పని చేసిన మనుషులకు చేరింది, అది నాకు సంతోషం కలిగించిన విషయం.

అందరికీ పెంకుటిల్లు ఉండదు. హైదరాబాదు, విజయవాడ వంటి చోట్ల పడగొట్టిన ఇళ్ళ తలుపులు, కిటికీలు, దూలాలు అమ్మే దుకాణాలు ఉన్నాయి, ముందు అక్కడ చూడటం మంచిది. కొత్త కలపే కొనవలసివస్తే అడితిలో టేకు తప్ప వేరే పేరు ఎత్తని అలవాటును మార్చుకోవాలి. రబ్బరు చెట్టు పాలు ఇవ్వడం తగ్గాక, సుమారు 25 నుంచి 30 ఏళ్ళకు, దాన్ని ఎలాగూ కొట్టి కొత్త మొక్క నాటుతారు. ఒకప్పుడు పొయ్యిలోకి పోయిన ఆ కలపే ఇప్పుడు కుర్చీలు, మంచాలు అవుతోంది. అందులో పిండిపదార్థం ఎక్కువ గనుక బోరాక్స్, బోరిక్ ఆమ్లం ద్రావణం లోపలికి ఎక్కించకపోతే పుచ్చిపోతుంది. ఆ మందు నీటికి కరిగి దిగిపోతుంది కాబట్టి బయట ఎండావానల్లో పెట్టకూడదు. కాపు తగ్గిన మామిడి తోటల కలప కూడా ఇలాంటిదే. వేప, నల్లతుమ్మ మన పల్లెల్లోనే పెరుగుతాయి, చేవ గట్టిది, బండి చక్రాలకూ నాగళ్ళకూ వాడిన చెక్కను మంచానికి వాడటానికి నామోషీ పడవలసిన పని లేదు. ఇరుగుడు, అంటే రోజ్‌వుడ్, జాతి చెట్లన్నింటినీ 2017 జనవరి నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చారంటే వాటి పరిస్థితి ఏమిటో తెలుస్తుంది. బర్మా టేకు అని గొప్పగా చెప్పుకునే దుంగల ఎగుమతిని ఆ దేశమే 2014లో నిషేధించింది. ఆ పేరుతో ఎవరైనా దుంగ చూపిస్తే ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలు అడగాలి.

ప్లైవుడ్డును నేను తప్పుపట్టను. అది యూకలిప్టస్, పోప్లార్ వంటి రైతుల పొలాల్లో కొన్నేళ్ళకే కోతకు వచ్చే చెట్ల నుంచి తయారయ్యేది కావచ్చు, పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి గనుక మర పట్టుకుంటుంది, వంగడం తక్కువ. పెద్ద బీరువా వెడల్పాటి పలకలకు గట్టి చెక్క వాడితే వృథా ఎక్కువ. అయితే ఏ రకమో చూసి కొనాలి. ఐఎస్ (భారతీయ ప్రమాణం) 303 ముద్రతో వచ్చే వాటిలో తేమను కొంతవరకు తట్టుకునేది ఎంఆర్ రకం, మరుగునీటిని తట్టుకునేది బీడబ్ల్యూఆర్ రకం. నీటి దగ్గర వాడటానికి ఐఎస్ 710 ముద్ర ఉన్నది. చివరి దానిలో వాడే ఫినాల్ జిగురు యూరియా జిగురు కంటే నీటికి ఎక్కువ తట్టుకుంటుంది, వాయువు కూడా చాలా తక్కువ వదులుతుంది. మేము వంటింట్లో మళ్ళీ చెక్క పెట్టెలు కట్టించలేదు. నిలువుగా, అడ్డంగా కడప బండలు నిలబెట్టించి, ముందు మాత్రం టేకు చట్రాల తలుపులు పెట్టించాము. మా చిన్నప్పటి వంటిళ్ళన్నీ ఇలాగే ఉండేవి. నీరు కారినా, చెద వచ్చినా ఆ బండకు ఏమీ కాదు. అది సున్నపురాయి జాతి గనుక నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికితే వెంటనే తుడవాలి, లేకపోతే మచ్చ పడుతుంది. తాండూరు బండకైనా ఈ జాగ్రత్త తప్పదు.

పూత విషయంలో మెరుపు కోరుకునేవారు పాలీయురితేన్ వేయించుకుంటారు. నేను బల్లకు అవిసె నూనె, అలమరకు లక్క పాలిష్ ఎంచుకున్నాను. లక్క మీద వేడి గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది, అది దాని లోపమే. కానీ మచ్చపడిన చోటు వరకే స్పిరిట్ గుడ్డతో రుద్ది మళ్ళీ పూయవచ్చు. పాలీయురితేన్ గీసుకుపోతే బల్లంతా గీకవలసివస్తుంది. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అవిసె నూనెలో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే లోపల వేడి పుట్టి వాటంతట అవే అంటుకోగలవు. పరిచి ఆరబెట్టి, ఆ తరువాతే పారేయాలి.

పరుపుల గురించి ఒక మాట. ఫోమ్ పరుపు కుంగిపోతే దాన్ని ఏమీ చేయలేము. దూది పరుపు గట్టిపడితే విప్పి, ఎండబెట్టి, ఏకించి మళ్ళీ కుట్టించుకోవచ్చు, ప్రతిసారీ కొత్త దూది కొంత కలిపితే చాలు. పరుపులు ఏకుతామంటూ వీధుల్లో కేక వేసే మనుషులు మా ప్రాంతంలో ఇప్పుడు ఏడాదికొకసారి కూడా రావడం లేదు. వాళ్ళ ఫోను నంబరు దొరికితే దాచుకోవడం మంచిది. పట్టె మంచం మీద నవారు, దానిపై పలుచటి దూది బొంత వేస్తే కింది నుంచి గాలి తగులుతుంది, మే నెలలో ఆ సుఖం ఫోమ్ మీద రాదు. నేల మీదకు వరంగల్ కొత్తవాడలో నేసిన నూలు తివాచీలు రెండు తెచ్చాము. 2018లో భౌగోళిక గుర్తింపు పొందినవి ఇవే. దులిపి, ఉతికి ఆరేసుకోవచ్చు, ఇంత సులభంగా శుభ్రపడే తివాచీ వేరే ఏదీ నేను వాడలేదు.

పైకప్పు కింద జిప్సమ్‌తో మరో కప్పు కట్టించమని చాలామంది సలహా ఇచ్చారు. దాని వల్ల ఇంటి ఎత్తు తగ్గడం, దీపాలు పెరగడం తప్ప మాకు ప్రయోజనం కనిపించలేదు. ఆ డబ్బుతో పడమటి కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టించాము.

పోయిన ఏడాది అమ్మాయి గది మారినప్పుడు ఆమె బల్ల తలుపులోంచి పట్టలేదు. నేను మేస్త్రీ గారికి ఫోను చేసేలోపే మా అమ్మాయి నాలుగు మరలు విప్పి పైపలకను తీసేసి, రెండో గదిలో మళ్ళీ బిగించుకుంది. గడప కర్ర ఒకటి ఇంకా ఏ పనికీ వాడకుండా పట్టె మంచం కింద ఉంది. దాని మీద పసుపు పూసిన గీతలు చెక్కలోకి ఇంకిపోయాయి, చిత్రిక పట్టనివ్వడానికి మా అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.